మినహాయింపులో పోయిన ఆరుగురు

ఆ ప్రజారోగ్య సంస్థలో గ్రంథాలయం రెండో అంతస్తున చివరి గది. బీరువాల నడుమ ఇరుకైన బల్ల, దానిమీద కంప్యూటరు, పక్కనే మొన తేలేలా చెక్కిన రెండు పెన్సిళ్లు. ఇరవై రెండేళ్లుగా ఆ బల్ల ముందు కూర్చుంటున్న గ్రంథపాలకురాలి అసలు పేరు జీతాల పట్టీలో తప్ప మరెక్కడా వినబడదు. అందరికీ ఆమె లెక్కలమ్మ. ఎవరి పరిశోధనను లోకంలో ఎందరు తమ వ్యాసాలలో పేర్కొన్నారో లెక్కగట్టి చెప్పడం ఆమె పని. లెక్క పెరిగితే అది తమ ఘనత అనీ, తగ్గితే ఆమె పొరపాటనీ అనుకునేవారిని ఆమె చాలామందినే చూసింది.

విభాగాల పనితీరును మదింపు చేసే సంఘం ముందుకు ఆ ఏడు డాక్టరమ్మ వంతు వచ్చింది. కింది అంతస్తులో రెండు గదుల నీటి పరీక్షల విభాగాన్ని ముప్పై ఏళ్లుగా నడుపుతున్న మనిషి ఆవిడ. తన వ్యాసాల్లో తాను చేసుకున్న ప్రస్తావనలు పోను, ఆవిడ పరిశోధనకు ఇతరుల ప్రస్తావనలు రెండు వందలైనా లేకపోతే విభాగం మూసివేయాలని సంఘం తీర్మానించింది. శుక్రవారానికి నివేదిక అందాలి.

మొత్తం నాలుగు వందల పన్నెండు వచ్చాయి. లెక్కలమ్మ తేలికపడి, ఎప్పటిలాగే స్వీయ ప్రస్తావనలను మినహాయించే గడిలో టిక్కు పెట్టింది. అంకె నూట ముప్పై తొమ్మిదికి పడిపోయింది. నివేదిక వెళ్లకముందే ఆ మాట తన నోటితో చెప్పడం మర్యాద అనుకుని కిందికి దిగింది.

"నూట ముప్పై తొమ్మిదే వచ్చిందమ్మా."

డాక్టరమ్మ సీసాలోని నీటిని వెలుతురుకు పట్టి చూస్తూనే అంది. "నన్ను నేను అంతగా పొగుడుకున్నానా? మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు."

"కంప్యూటరు అలా అంటోంది."

"అయితే అదే రాయి. నా మొహం చూసి ఒక్కటి కూడా పెంచకు. తెలిసిందా?"

ఆ సాయంత్రం కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. కుట్టుమిషన్లు బాగుచేసే ఆమె భర్త రెండు ముద్దలు తిని మంచినీళ్లు అందుకున్నాడు.

"డాక్టరమ్మ లెక్క తగ్గిందని మన కూరలో కలుపుతున్నావా ఏమిటి?"

"ఊరుకోండి. అవతల ఆ విభాగంలో ఐదుగురి ఉద్యోగాలు పోయేలా ఉన్నాయి."

"మిషను కుట్టు తప్పిస్తే నేను మిషన్ని తిట్టను. విప్పి చూస్తాను. నువ్వూ విప్పి చూడు."

మర్నాడు ఆమె మినహాయింపులో పోయిన రెండు వందల డెబ్భై మూడు వ్యాసాల జాబితాను అచ్చు తీసి, పెన్సిలుతో ఒక్కొక్క పేరూ చదువుతూ పోయింది. నాలుగో పుటలో చెయ్యి ఆగిపోయింది. అక్కడున్నది ఆమె పేరే. పాత సర్వే రిజిస్టర్లను చెదలు పట్టకుండా భద్రపరచడం గురించి ఎనిమిదేళ్ల కిందట తాను రాసిన చిన్న వ్యాసం. అందులో డాక్టరమ్మ పరిశోధనను పేర్కొన్న మాట నిజమే. కాని అది డాక్టరమ్మ తనను తాను పొగుడుకోవడం ఎలా అవుతుంది?

ఆలోచించగా విషయం తేటపడింది. ఇరవై ఆరేళ్ల కిందట, ఇంట్లో నీళ్లను ఇరుకుమూతి పాత్రలో మూతపెట్టి ఉంచితే పిల్లలకు విరేచనాలు తగ్గుతాయా అని డాక్టరమ్మ తొమ్మిది వందల ఇళ్లలో సర్వే చేయించింది. కాళ్లరిగేలా తిరిగినవారు ఆరుగురు ఆడపిల్లలు. పంతొమ్మిదేళ్ల లెక్కలమ్మ వారిలో ఒకతె. మిగతా పరిశోధకులైతే అలాంటివారికి వ్యాసం చివర సన్నటి అక్షరాల్లో ఒక కృతజ్ఞత చెప్పి సరిపెట్టేవారు. డాక్టరమ్మ ఆరుగురినీ తనతోపాటు రచయితలుగా వేసింది. పదో తరగతివాళ్లు రచయితలేమిటని పత్రికవారు అడిగితే, "గడపలు తొక్కింది వాళ్లు, బిందెల్లోకి తొంగి చూసింది వాళ్లు. నేను కుర్చీలో కూర్చున్నాను" అని జవాబు రాసింది. అచ్చులో ఉన్న ఆ పేరు చూపించే లెక్కలమ్మ గ్రంథాలయ కోర్సులో సీటు సంపాదించుకుంది. తక్కిన ఐదుగురూ ఒకరి వెనుక ఒకరు చదువుకుని, నర్సులకు పాఠాలు చెప్పేవారూ, గణాంకాలు వేసేవారూ అయి, సొంతంగా వ్యాసాలు రాశారు. రాసిన ప్రతిదానిలో తమకు పని నేర్పిన పరిశోధనను తలచుకున్నారు. పాత వ్యాసంలో పేరున్న ఎవరు రాసినా కంప్యూటరు దాన్ని స్వీయ ప్రస్తావన కిందే కొట్టేసింది. సంఘం నియమంలో మాత్రం "పరిశోధకురాలు స్వయంగా పాల్గొని రాసినవి" అనే ఉంది.

రెండు రోజులు పట్టింది. డాక్టరమ్మ స్వయంగా రాసినవి అరవై ఒకటి. అవి పోగా మూడు వందల యాభై ఒకటి మిగిలాయి. అందులోంచి ఆమె ఇంకొకటి తీసేసింది. పాత అంకె, కొత్త అంకె, తేడాకు కారణం మూడూ విడమరిచి రాసి, జాబితా జతచేసి పంపింది.

సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. "ఇన్నాళ్లూ ఆ గడిలోనే టిక్కు పెట్టి పంపారు కదండీ?"

"పంపానండి. పొరపాటు నాదే. మిగతావాళ్లవి కూడా మళ్లీ చూసి పంపుతాను."

పది రోజులకు విభాగాన్ని కొనసాగిస్తూ ఉత్తరువు వచ్చింది. ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ మోకాళ్ల నొప్పితో మెట్లు ఎక్కి, ఆయాసపడుతూ బల్ల ముందు కూర్చుంది.

"జాబితా చూశాను. ఒకటి తక్కువుంది. నీది ఏదే?"

"లెక్క కట్టేది నేనే కదమ్మా. నన్ను నేనే కలుపుకుంటే బాగుండదు."

"ఆ రోజు నేను కలిపితే ఈ రోజు నువ్వు తీసేస్తావా?"

లెక్కలమ్మ తలవంచుకుని నవ్వింది. "మీరు కలిపారు కాబట్టే తీసేయడానికి ఇక్కడ కూర్చున్నానమ్మా" అంది.

డాక్టరమ్మ కళ్లజోడు తుడిచి పెట్టుకుని, ఆ రెండు వందల పదకొండు వ్యాసాల జాబితా తన ముందుకు లాక్కుంది.

"ఇది మన పొట్టిదానిది కదూ? బిందెలో చెయ్యి అందక స్టూలు మోసుకు తిరిగేది."

"దానిదేనమ్మా. ఆ కిందివి పద్నాలుగూ దానివే."

"పద్నాలుగా?" అంటూ డాక్టరమ్మ వేలు పెట్టి, మొదటి నుంచి మళ్లీ చదవసాగింది.