ప్రార్థనంత సేపు

నలభై డాలర్లు మిగులుతాయని రైలు మానేసి ఏసీ లేని బస్సెక్కిన తెలివి నాది. కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి మరి. న్యూజెర్సీ దాటకముందే బస్సు చెడి ఆగిపోయింది.

పక్క సీటావిడ పాతకాలపు మందులను ల్యాబ్‌లో పరీక్షించే పరిశోధకురాలు, గుంటూరు మాట. మధ్యయుగపు పుండు మందొకటి తయారీతో సహా పాత పేపరు ప్రకటనలో దొరికితే ఏళ్ళ తరబడి అలాగే కాచారట. ఒక్క క్రిమీ చావలేదట. మొన్న అసలు చేతిరాత ప్రతి చూస్తే, కాస్తున్నంతసేపూ ప్రార్థన చెప్పాలని ఉందట.

“పేపర్లో అది లేదాండీ?”

“లేదు. భక్తి కదాని తీసేసుంటారు.”

“లైనుకింతని ప్రకటన రేటు. మా నాన్నైనా కోసేసేవాడు.”

ఆవిడ నవ్వారు. “ఆ ప్రార్థనే గడియారమండీ. మా అమ్మ పరలోక ప్రార్థన ఇన్నిసార్లని లెక్కపెట్టుకుని పొయ్యి మీది గుడ్డు దించేది. చూస్తూ పెరిగి కూడా నాకు తట్టలేదు.”

“ఇప్పుడు పనిచేస్తుందంటారా?”

“ఏమో. గ్రాంట్ ఈ నెలతో సరి. రేపొక్కసారి కాచి చూస్తా.”

కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, ఖాళీ అరచేతిలో వేలితో కలపసాగారు. గడియారం ఎరగని కాలంలో పొయ్యి ముందు నిలబడిన మనిషెవరో మా బస్సులో కూర్చున్నట్టనిపించింది. బస్సిక కదలదని తేలాక దిగి ట్యాక్సీ పిలిచాను.

పేరడగలేదు కనుక మందు పనిచేసిందో లేదో నాకు తెలియదు. ఇక బిల్లు: మిగిలింది నలభై, చివరికి ట్యాక్సీకి పోయింది అరవై. నష్టం ఇరవై. పేరడగకపోవడం ఇందులో కలపలేదు.