బెల్జియంలో పది ప్రావిన్సులు

మా ఆయన యూనిట్‌లో ఆఫీసర్ల భార్యలం నెలకోసారి కలుస్తాం. ఒక నెల, తలా ఒక యూరప్ దేశాన్ని పరిచయం చెయ్యాలన్నారు. చీటీ తీస్తే నాకు బెల్జియం వచ్చింది. పెళ్లికి ముందు కాకినాడలో ఆరేళ్లు సోషల్ చెప్పినదాన్ని. సంబరపడి వారం రోజులు చదివాను. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.

ఢిల్లీ కంటోన్మెంట్‌లోని ఆ హాల్లో ముందు సోఫా సీనియర్ మేడమ్‌ది. భర్త భుజాల మీది నక్షత్రాలు తన భుజాల మీదే ఉన్నట్టు కూర్చుంటారు. ఆవిడ నవ్వితే హాలు నవ్వుతుంది. దగ్గితే నలుగురు మంచినీళ్లకు పరిగెడతారు.

1830లో బెల్జియం నెదర్లాండ్స్ నుంచి విడిపోవడంతో మొదలుపెట్టాను. మ్యాపు మీద ఉత్తరాన డచ్చి మాట్లాడే ఫ్లాండర్స్, దక్షిణాన ఫ్రెంచి మాట్లాడే వలోనియా, ఒక్కోదానిలో అయిదేసి ప్రావిన్సులు, దేనిలోనూ చేరకుండా విడిగా బ్రస్సెల్స్ చూపించాను. తూర్పు అంచున జర్మన్ మాట్లాడేవాళ్ల దగ్గరికి రాగానే మేడమ్ చెయ్యెత్తారు.

“అచ్ఛా, ఇంత చిన్న దేశానికి ఇన్ని ముక్కలెందుకు? అందరూ బెల్జియన్ మాట్లాడుకోవచ్చుగా?” అన్నారు హిందీలో.

“బెల్జియన్ అనే భాష లేదు మేడమ్.”

ఆవిడకు తెలియనిది ఒకటుందని ఆ హాల్లో అంతవరకూ ఎవరూ పైకి అనలేదు.

“మీ మద్రాసీల్లాగే అన్నమాట. మీలోనూ నాలుగు రకాలుంటారుగా,” అన్నారు. అందరూ నవ్వారు. కేరళ ఆవిడ కూడా నవ్వింది; తననీ కలిపే అన్నారని తట్టలేదు కాబోలు.

“మాది మద్రాసు కాదు మేడమ్, ఆంధ్ర. భాషను బట్టి రాష్ట్రం కావాలని మావాళ్లు కొట్లాడి తెచ్చుకున్నారు. బెల్జియం గొడవ నాకు అందుకే తేలిగ్గా అర్థమైంది.”

“ఠీక్ హై, ఠీక్ హై. చాక్లెట్ల ఫొటో ఉందా?”

ఉంది. తెర మీదికి రాగానే చప్పట్లు కొట్టారు. బహుమతి మాత్రం ఇటలీ చీటీ వచ్చి పాస్తా వండుకొచ్చినావిడకు దక్కింది. ఇటలీలో ఎన్ని ప్రాంతాలున్నాయో ఆవిడ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన, “నాలుగు ఫొటోలు చూపించి వచ్చేస్తే సరిపోయేదిగా. ఆవిణ్ణి అందరి ముందూ సరిదిద్దడం ఎందుకు?” అన్నారు.

“ఏడో క్లాసు పిల్లలు తప్పు చెబితే సరిదిద్దేదాన్నండీ.”

“ఆవిడ మా కమాండింగ్ ఆఫీసర్ భార్య.”

“అందుకేగా ఎవరూ సరిదిద్దంది.”

ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

తర్వాతి నెల నన్ను సమోసాల ఏర్పాటుకు మార్చారు. రెండు నెలలు ఆ పని చేశాను, మేడమ్ చూస్తే నవ్వాను కూడా. అది తలుచుకుంటే మరీ అసహ్యం వేస్తుంది. వేసవి సెలవుల తర్వాత ఢిల్లీలోనే, ద్వారకలో ఒక బడిలో టీచరుగా చేరాను. సమావేశానికి పిలుపొస్తే క్లాసులున్నాయంటాను. సగం సార్లు అబద్ధమే.