కడుపులో నేసిన నాడా

గుడియాత్తంలో లుంగీలు నేసే శంకరన్‌కు రెండు మొండి అలవాట్లు. మగ్గం మీద తెగిన పోగును ఎంగిలితో తడిపి మెలిపెట్టి, మిగిలిన కొసను పళ్ళతోనే కొరికి మింగేస్తాడు; కత్తెర ముట్టడు. ఆదివారం పెనం మీద చెరువు చేప పడితే, లోపల పచ్చిదనం పోకముందే లాక్కుని తినేస్తాడు. "బాగా కాలినాక చేపా చెప్పూ ఒకటే" అంటాడు. భార్య పుష్పవతి చెప్పీ చెప్పీ విసిగిపోయింది.

ఈమధ్య ఆయనకు నీరసం పట్టుకుంది. ముఖం పాలిపోయింది, మూరెడు నేసేసరికి ఆయాసం. ఒకనాడు పొద్దున్నే దొడ్లోంచి బిక్కచచ్చి వచ్చాడు. తెల్లగా, పలచగా, నాడాలాంటిది ఏదో పడిందట.

"పుష్పా, నా పని అయిపోయింది మే! ఇన్నేండ్లుగా మింగిన పోగులన్నీ లోపల నాడా అయి కూర్చోనుండాయి."

"నీ కడుపులో మగ్గం యాడుండాదయ్యా?" అని ఆమె నవ్వింది.

శంకరన్‌కు నవ్వు రాలేదు. తాతలనాటి పనే తన ప్రాణం తీస్తోందని నమ్మేశాడు. మగ్గం మీద దుప్పటి కప్పి, దిగులుగా గోడకు చేరగిలబడ్డాడు. ఆ పని తప్ప ఇంకో పని రాదాయె. చేపను మాత్రం మానలేదు సుమా! బలం వస్తుందని ఇంకో ముక్క ఎక్కువే లాగించాడు.

పుష్పవతి ఊరుకునే మనిషా? బస్సెక్కించి వేలూరు తీసుకెళ్ళింది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, "చేప బాగా ఉడికినాకే తింటారా?" అని అడిగింది.



"ఉడకనిస్తే గదమ్మా!" అంది పుష్పవతి.

"అదీ సంగతి. మీకు పడింది నాడా కాదు, బద్దెపురుగు. సగం కాలిన చేపలోంచి వచ్చి, మీ సత్తువంతా లాగేస్తోంది. మాత్ర వేసుకుంటే పోతుంది."

"అయితే పోగుల తప్పేమీ లేదామ్మా?"

"పోగులేం చేసినాయప్పా, పాపం!"

శంకరన్‌కు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా మగ్గం మీది దుప్పటి లాగేశాడు.

మాత్ర పనిచేసింది, ఒంట్లోకి మెల్లగా సత్తువ వచ్చింది. ఆదివారం అలవాటుకొద్దీ పెనం వైపు చేయి చాపాడు. పుష్పవతి అట్లకాడ ఎత్తింది.

"పోయి నేసుకో. కాలినాక పిలుస్తా."

ఆయన బుద్ధిగా వెళ్ళి, పోగులు కొరుక్కుంటూ పిలుపు కోసం కాచుకున్నాడు. చేప కంచంలోకి వచ్చేసరికి నల్లగా మాడింది. శంకరన్ చాలాసేపు నమిలాడు. తర్వాత మగ్గం వైపోసారి చూసి, కంచం ముందుకు తోశాడు.

"ఇంకో చెప్పు వెయ్యి మే."