సన్నకాళ్ల చిప్పు

పక్షవాతంతో నాన్నకు కుడిచేయి పడిపోయింది. మాటల్లో "అవును" ఒక్కటే మిగిలింది. మంచినీళ్లకూ అదే, నొప్పికీ అదే, వద్దనడానికీ అదే. వంటింట్లోంచి అమ్మ "ఏటి కావాలండీ?" అని అడిగి అడిగి కళ్లొత్తుకునేది.

సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏదైనా చేసేస్తారని ఊరంతా నమ్మిన రోజులవి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న నేనూ నమ్మాను. నాలుగు పెద్ద బటన్లు పెట్టి, ఒకటి నొక్కితే కంప్యూటర్ "నీళ్లు" అని, ఇంకోటి నొక్కితే "నొప్పి" అని గట్టిగా పలికేలా చేద్దామనుకున్నాను. కొత్త కంప్యూటర్‌కు బటన్ల తీగలు తగిలించే పాతరకం సీరియల్ పోర్టు లేదు, అందుకని ఏ బటన్ నొక్కారో కంప్యూటర్‌కు చేరవేసే చిప్పు, యూఎస్‌బీ ఉన్న మైక్రోకంట్రోలర్ కావాల్సొచ్చింది. ఆఫీసులో నెట్టంతా గాలించి, బోర్డు మీద చేత్తో గుచ్చుకునే పొడుగు కాళ్ల రకం ఎంచుకున్నాను.

సికింద్రాబాద్‌లో పార్టులమ్మే షాపాయన తల అడ్డంగా ఊపాడు.

"గా రకం లేదు మేడమ్. ఆర్డరిస్తే నెల పడ్తది. గీ చిన్నదాంట్ల సుత యూఎస్‌బీ ఉంది. కాళ్లు జెర సన్నగుంటయ్, చేత్తోని సోల్డరింగ్ మస్తు తక్లీఫ్."

"పర్వాలేదండీ, మా నాన్న చేసేస్తారు" అన్నాను.

ఆ చిన్నదే కొని బస్సెక్కి కూర్చున్నాక గాని, ఏమన్నానో నాకు తెలియలేదు. ఏ.ఎస్. రావు నగర్‌లో మాలాంటి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీవాళ్ల ఇళ్లలో, సీసం కరిగించి అతికించే సోల్డరింగ్ ఐరన్ లేని ఇల్లుండదు. మా ఇంట్లో పాడైన వస్తువు ఏదీ బయటికి పోదు, నాన్న చేతికే పోతుంది. చిన్నప్పటి నుంచీ అలవాటైన మాట, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి చూపిస్తే, "చీమలాగుంది, ఇదేటే?" అంది అమ్మ.

నాన్న భూతద్దంలో చిప్పును చాలాసేపు చూశారు. ఐరన్ వేడెక్కాక ఎడమచేత్తో అందుకున్నారు గాని, ఆ చేతికి అలవాటు లేదు. నా చేతిలో పెట్టి, నా మణికట్టు పట్టుకున్నారు. ఇద్దరం కలిసి మొదటి కాలు అతికించాం. రెండోది అతికించేటప్పుడు సీసం పక్క కాళ్ల మీదికి పాకింది. నేను కంగారుపడి గీకితే ఓ కాలు ఊడొచ్చింది.

"పాడైపోయిందా నాన్నా?"

"అవును."

"ఇంకోటి కొనుక్కురానా?"

"అవును."

"పోనీ, వదిలేయమంటారా?"

"అవును" అన్నారు నాన్న, అదే గొంతుతో.