నీలి టార్చి కింద పసుపు

మా రాయగడ ఇంట్లో సామాన్ల గదికి కిటికీ ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం దానికి దుప్పటి కట్టేస్తే చీకటే చీకటి. అదే నా స్టూడియో. దొంగనోట్లు పట్టుకునే నీలి టార్చి ఒకటి కొని, ఇంట్లో ఉన్న ప్రతిదాన్నీ దాని కిందికి తెచ్చేదాన్ని. సబ్బుపొడి నీళ్ళు నీలంగా, బీకాంప్లెక్సు మాత్ర కలిపిన నీళ్ళు పచ్చగా వెలిగేవి. ఫోన్‌తో ఫొటోలు తీసి, మా రైల్వే ఆఫీసులో అందరికీ చూపించి విసిగించేదాన్ని. టార్చి పట్టుకునే పని అమ్మది. చెయ్యి కదిలితే కస్సుమనేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ చేతులు మళ్ళీ దొరికితే, ఎంత కదిలినా పల్లెత్తు మాటనను.

ఆ రోజు పసుపు వంతు. గుడారి సంతలో కొన్న కొమ్ములు దంచి, స్పిరిట్‌లో కలిపి, గాజు సీసాలో పోసి పీటమీద పెట్టాను. అమ్మ అవతల నిలబడి టార్చి వేసింది. సీసా అంతా పసుపుపచ్చ వెలుగే. ఫొటో అదిరిపోయిందనుకుంటూ పెద్దది చేసి చూద్దును కదా, సీసా వెనక అమ్మ పాదాలు! గోళ్ళ చుట్టూ, వేళ్ళ సందుల్లో అదే రంగు.

నాన్న పోయి అప్పటికి నాలుగేళ్ళు. మా ఇళ్ళల్లో మొగుడు పోయిన ఆడది పసుపు రాసుకోకూడదు. ఆ మాట గట్టిగా పట్టుకున్నది మాతోనే ఉండే మా మేనత్త, నాన్నకు అక్క. అమ్మ ముందు నుంచి పసుపు గిన్నె తీయించింది కూడా ఆవిడే. అమ్మేమో రోజూ స్నానాల గదిలో రాసుకుని, సబ్బుతో తోమి కడిగేసుకునేదట. పగటి వెలుగులో నాలుగేళ్ళూ ఎవరికీ కనబడలేదు. నా దిక్కుమాలిన టార్చి పట్టేసింది.

"మీ అత్తకి సూపించకమ్మీ. ఈ ఇంట్లో మరి తలెత్తుకోలేను," అంది అమ్మ ఫొటో చూసి. ఎందుకు రాసుకుంటున్నావని నేను అడగలేదు. తనే చెప్పింది.

"మీ నాన్న వచ్చేక మొదలెట్టింది కాదు కదే. సిన్నప్పట్నుంచీ రాసుకుంతన్నాను. ఆయన పోతే నా కాళ్ళు కూడా పోయేయా ఏటి?"

ఏడుపొచ్చింది నాకు. ఫొటో చెరిపేద్దామని వేలు పెట్టేంతలో అత్త తలుపు తోసుకుని వచ్చింది, టీ ఇంకా పెట్టలేదేమని. నా చేతిలో ఫోను చూసి, ఎవరి కాళ్ళవి, ఎందుకలా వెలుగుతున్నాయని అడిగింది. అబద్ధమాడటానికి నోరు రాలేదు. పసుపు అంటిన చోటల్లా ఈ వెలుగులో తెలిసిపోతుందని చెప్పేశాను. అమ్మ తల దించుకుంది. ఇంక ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాను.

అత్త తలుపు మూసింది. కింద కూర్చుని, చీర కొంచెం పైకి లాక్కుని, రెండు కాళ్ళూ చాపింది.

"నా కాళ్ళమీద ఎయ్యి," అంది.

అమ్మ టార్చి తిప్పింది. సబ్బుతో ఉతికిన చీర అంచు నీలంగా మెరిసింది. పాదాలు మాత్రం చీకట్లోనే ఉండిపోయాయి. అత్త చాలాసేపు వాటినే చూసింది.

"నాకు పందొమ్మిదేళ్ళకే మానిపించీసేరు," అంది.

అమ్మ టార్చి నా చేతికిచ్చి వెళ్ళి, ఎక్కడ దాచుకుందో ఆ పసుపు తడిపి తెచ్చింది. అత్త ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడెందుకే," అంది అత్త. కాళ్ళు మాత్రం వెనక్కి తీసుకోలేదు.