నా దేశంలో నేను

చలికాలంలో గిద్దలూరు నుంచి మార్కాపురం పోయే బస్సులో, మా కాకినాడకు చాలా దూరంగా, నాకూ ఒక స్వెటర్ల మూటకూ కలిపి ఒకే సీటు దొరికింది. మూట తాలూకు టిబెటన్ ఆమె తనలో తనే నవ్వుకుంటోంది. ఎందుకమ్మా అన్నాను.

"పుట్టింది ఈ దేశంలోనే అన్నా, అయినా పోయినేడు దాకా ఏ దేశపుదాన్నీ కాదు. మా నాయన కాలం నుంచీ ఏ ఊర్లో దిగినా ముందు పోలీస్ స్టేషన్‌లో చెప్పాల. ఈ ఏడు నాకు పౌరసత్వం వచ్చింది. అయినా అలవాటుకొద్దీ పొద్దున స్టేషన్‌కు పోయినా. 'ఏందమ్మా, నీ దేశంలో నువ్వు తిరిగేదానికి నాకేంది చెప్పేది? పో!' అని కసిరినాడు కానిస్టేబులు. ఇంకోసారి తిట్టించుకుందామనిపించింది అన్నా!"

ముందు సీట్లో గొర్రెలు కాసే అవ్వ వెనక్కి తిరిగింది. "ఎండలో ఓటు లైన్లో నిలబడు, అప్పుడు తెలుస్తాది నీ సంబరం."

"నిలబడతా అవ్వా! నీ ముందే నిలబడతా."

"నా ముందు ఎట్ల నిలబడతావే? నా ఎనక నిలబడు!"

పౌరుడిగా నాకొచ్చేదెంత, నేను మోసేదెంత అని లెక్కలేసే మనిషిని నేను. ఓటు లైనును ఎప్పుడూ బరువులోనే కలిపేవాణ్ణి.

మార్కాపురంలో దిగగానే ఆమె కాళ్లు అలవాటుగా పోలీస్ స్టేషన్ వైపు తిరిగాయి.

"అటెక్కడికే? బజారు ఇటు!" అని అవ్వ అరిచింది.

ఆమె నాలుక కరుచుకుని, మూట నెత్తికెత్తుకుని, చిన్నపిల్లలా గెంతుతూ బజారు వైపు పోయింది.