అమ్మ పలకని ఏడు

మొయినాబాద్ దాటి గండిపేట వైపు బండి మీద వెళ్తుంటే ఎవరింట్లోంచో మైసాక్షి ధూపం వాసన వస్తుంది. వెంటనే బాలమ్మవ్వ గుర్తొస్తుంది. మా బస్తీలో పక్క గుడిసె ఆమెది. ఏడాదంతా అపార్ట్‌మెంట్లలో ఊడ్చి బతికేది. బోనాల మరునాడు మాత్రం రంగంలో పచ్చికుండ మీద నిలబడి, పోచమ్మ ఒంటి మీదికి రాగా ఆ తల్లి మాటగా భవిష్యవాణి చెప్పేది. ఆ ఒక్క పూట ఎంతటివాళ్లైనా ఆమె ముందు చేతులు కట్టుకునేవారు.

శీనన్న కూడా. మా దగ్గర జాగాలు ఖాళీ చేయించేది అతనే. చొక్కా కింద తుపాకి, మెడలో అమ్మవారి లాకెట్. గుడికి టైల్స్ వేయించాడు. దసరాకు మా కొడవళ్ల పక్కన తన తుపాకినీ ఉంచి బొట్టు పెట్టించుకునేవాడు. మేం భయపడింది అతనికో, అతని భక్తికో మాకే తెలిసేది కాదు.

ఒక ఏడు అతని కన్ను మా గుడిసెల మీద పడింది. బోనాలకు ముందు అతను అవ్వ గుడిసెకొచ్చి, తుపాకి తీసి పొయ్యి పక్కన పెట్టి, గుడిసెలు తీసేయమని పోచమ్మే అడుగుతున్నట్టు రంగంలో చెప్పమన్నాడు. సంగతి తెలిసి మా అమ్మ అవ్వ కాళ్లు పట్టుకుంది. తీయొద్దని పోచమ్మ నోట చెప్పించమంది. అవ్వ ఒప్పుకోలేదు.

"అమ్మ నోట్లె నీ మాట పెడితె, రేపు వాని మాట గూడ పెట్టొచ్చు," అన్నది.

నాకు ఒళ్లు మండింది. ఇల్లు పోతుంటే ముసలిదానికి ఈ చాదస్తమేమిటి అనుకున్నాను.

రంగం రోజు డప్పుల మధ్య అవ్వ కుండ ఎక్కింది. కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడి, మెల్లగా దిగింది.

"ఈ ఏడు అమ్మ రాలే. గిది నా మాట. శీను తుపాకి పట్టుకొని నా ఇంటికొచ్చిండు. గుడిసెలు తీయాలని అమ్మ పేరు మీద చెప్పుమన్నడు."

డప్పులు ఆగిపోయాయి. శీనన్న నవ్వబోయాడు. అతనితో కలిసి ఎవరూ నవ్వలేదు.

ఆ వారంలోనే అతని మనుషులు ఆమె చెయ్యి విరగ్గొట్టారు. దవాఖానలో ఆమెను చూసి ఏడుపు ఆపుకోలేకపోయాను. గుడిసెలు తీయొద్దని అమ్మ మాటగా చెప్పి ఉంటే నిన్ను ముట్టేవాళ్లు కాదు కదా అన్నాను.

"నన్ను ముట్టకపోదురు బిడ్డా. మీరు గూడ అంత అమ్మ మీదనే ఇడిసి కూసుందురు."

మేం కూర్చోలేదు. మా అమ్మ ముందు నడిస్తే బస్తీ ఆడవాళ్లంతా ఠాణాకు వెళ్లి శీనన్న పేరు పెట్టి చెప్పారు. అతను జైలుకు పోయాడు, గుడిసెలు నిలిచాయి. అవ్వ చెయ్యి మాత్రం సరిగా అతకలేదు. అమ్మ రాని మనిషి అని ఆమెను మళ్లీ ఎవరూ కుండ ఎక్కమనలేదు. మేమూ అనలేదు.

ఇప్పుడు మా కాలనీ మీటింగులో ఎవరైనా దేవుడే ఇలా చెప్పాడంటే, చెప్పింది దేవుడా మీరా అని లేచి అడుగుతాను. కొందరు మొహం తిప్పుకుంటారు. అయినా అడుగుతాను.